‘బాక్సు పోయింది’ అనేముందు ఆయిల్ చూశారా?

“గేర్‌బాక్సు పోయిందండీ. ఈ వయసు ఆటోమేటిక్‌లు ఇంతే.”

ఆ మాట చెప్పడానికి ఆ వర్క్‌షాపు ఆయనకు పది నిమిషాలు పట్టింది. కారును ఒక చుట్టు తిప్పి తెచ్చి ఆపారు. బానెట్ ఎత్తలేదు, కారు కిందికి వంగి చూడలేదు. 19 ఏళ్ళ కారు, 1,90,000 కిలోమీటర్లు తిరిగిన నాలుగు గేర్ల ఆటోమేటిక్. పొద్దున మొదటిసారి స్టార్ట్ చేసి లివరు డ్రైవ్‌లోకి లాగితే మూడు సెకన్ల దాకా కదలదు. కదిలాక, రెండో గేరు నుంచి మూడో గేరుకు మారేటప్పుడు ఇంజిన్ ఒక్కసారి ఉత్తినే అరుస్తుంది, ఆ తర్వాత గేరు పడుతుంది. ఈ రెండు లక్షణాలు విని వేరే బాక్సు వేయించుకోమన్నారు, లేదంటే కారు వదిలించుకోమన్నారు.

ఆ కారు ఆ తర్వాత అదే బాక్సుతో 60,000 కిలోమీటర్లు తిరిగింది. ఇవాళ కూడా దాన్నే నడిపి వచ్చి ఇది రాస్తున్నాను.

ఆ పది నిమిషాల తీర్పు మీద నా కోపం ఇంకా చల్లారలేదు. నడవగలిగిన పాత కార్లు ఎన్నో ఇలాంటి తీర్పులతోనే తుక్కుకు పోతున్నాయి. ‘పాత ఆటోమేటిక్ కొనకు, గేర్‌బాక్సు పోతే కారు విలువంతా దానికే పెట్టాలి’ అనే సలహా మనలో దాదాపు అందరం ఎప్పుడో ఒకప్పుడు విన్నాం, ఎవరికో ఒకరికి ఇచ్చాం కూడా. నేను చెప్పదలచింది ఒక్కటే. ఆటోమేటిక్ గేర్‌బాక్సు వయసు మీదపడి చావడం తక్కువ. ఆయిల్ తగ్గి, కాలి, చెడి చస్తుంది. ఆ ఆయిల్‌ను కంటితో చూసుకునే వీలును కార్ల కంపెనీలు యజమాని చేతిలోంచి తీసేసుకున్నాయి. ఆ వీలు ఇంకా మిగిలిన కార్లలో మనమే చూడటం మానేశాం.

నా కారును బతికించిన మెకానిక్ వయసులో పెద్దాయన. నేను లక్షణాలన్నీ వల్లించి, బాక్సు పోయిందట అని ముగించాక ఆయన అడిగిన మొదటి ప్రశ్న ఇది: “ఆయన డిప్‌స్టిక్ తీసి చూశారా?”

“లేదండీ.”

“మరి దేన్ని బట్టి చెప్పారు?”

నా దగ్గర జవాబు లేదు. డిప్‌స్టిక్ అంటే బాక్సులో ఆయిల్ మట్టం చూసే పుల్ల. ఆయన కారును సమతలంగా ఉన్న చోట నిలబెట్టించి, ఇంజిన్‌ను ఆపకుండా బాగా వేడెక్కనిచ్చారు. బ్రేకు తొక్కి పెట్టి లివరును ఒక్కో స్థానంలో రెండు సెకన్లు ఉంచుతూ అన్నీ తిప్పించి, తిరిగి పార్క్‌లోకి తెమ్మన్నారు. ఇంజిన్ నడుస్తూ ఉండగానే డిప్‌స్టిక్ లాగి, నూలు పోగులు ఊడని గుడ్డతో తుడిచి, మళ్ళీ దించి, మళ్ళీ తీశారు. ఆయిల్ కింది గీతను కూడా తాకలేదు. పుల్ల కొసన మాత్రం ఒక చుక్క వేలాడుతోంది. దాన్ని తెల్లకాగితం మీద పడనిచ్చి, కాగితాన్ని పక్కన పెట్టి, “గంట ఆగి చూద్దాం” అన్నారు.

గంట తర్వాత ఆ చుక్క కాగితం మీద రూపాయి బిళ్ళంత పరుచుకుంది. మధ్యలో గోధుమరంగు మచ్చ, దాని చుట్టూ లేత ఎరుపు వలయం, అంచు శుభ్రంగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే మాడు వాసన లేదు. “ముసలిదయింది కానీ కాలిపోలేదు” అన్నారాయన. ఆటోమేటిక్ గేర్‌బాక్సు ఆయిల్ ఎరుపు రంగు కేవలం గుర్తు కోసం కలిపే రంగు. లీకైనప్పుడు ఇంజిన్ ఆయిల్ నుంచి వేరుగా కనబడాలని కలుపుతారు. అది వాడకంలో మెల్లగా వెలిసిపోవడం మామూలే. కాబట్టి గోధుమరంగు చూడగానే గుండె జారనక్కర్లేదు. చుక్క పరుచుకోకుండా నల్లగా అక్కడే ముద్దగా నిలిచిపోయినా, మాడిన వాసన వచ్చినా అప్పుడు భయపడాలి.

ఆయిల్ ఎటు పోయిందో తెలియడానికి ఇంకో పావుగంట పట్టింది. గేర్‌బాక్సు నుంచి రేడియేటర్‌కు వెళ్ళే కూలర్ గొట్టం బిగింపు దగ్గర చెమ్మ, దాని మీద దుమ్ము పేరుకుని నల్లటి బురదలా గట్టిపడి ఉంది. కింద నేల మీద చుక్క పడేంత లీకు కూడా కాదు. అలా ఎన్నేళ్ళుగా చెమర్చిందో, మొత్తం లీటరున్నర దాకా తగ్గింది.

లీటరున్నర ఆయిల్‌కు గేరు పడటానికి సంబంధం ఏమిటని నేనే అప్పుడు అడిగాను. మాన్యువల్ గేర్‌బాక్సులో ఆయిల్ చేసే పని ముఖ్యంగా పళ్ళు అరగకుండా కాపాడటం. ఆటోమేటిక్‌లో అది దాదాపు ఒక యంత్రభాగం. ఇంజిన్ శక్తి చక్రాల వైపు బయల్దేరేదే ఆయిల్ మీద. టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్‌తో పాటు తిరిగే రెక్కల చక్రం ఆయిల్‌ను విసిరితే, ఆ విసురుకు ఎదుటి చక్రం తిరుగుతుంది. మధ్యలో ఉండే స్టేటర్ తిరిగి వచ్చే ఆయిల్ దారి మళ్ళించి, నిలుచున్న కారు కదిలే వేళ టార్క్‌ను సుమారు రెండింతలు చేస్తుంది. గేర్లు మార్చేదీ ఆయిలే. పంపు పుట్టించిన ఒత్తిడి వాల్వ్ బాడీ అనే దిమ్మలోని సన్నని కాలువల గుండా వెళ్ళి ఒక క్లచ్ ప్యాక్‌ను, అంటే పేర్చిన ప్లేట్ల కట్టను, బిగిస్తుంది, మరోదాన్ని వదులుతుంది. ఆ ప్లేట్లు మరీ జారకుండా, మరీ గట్టిగా పట్టేయకుండా చూసేదీ, రాపిడిలో పుట్టిన వేడిని మోసుకుపోయేదీ కూడా అదే. మట్టం తగ్గితే పంపు ఆయిల్‌తో పాటు గాలినీ పీలుస్తుంది. గాలి కలిసిన ఆయిల్ నురగ. నురగను నొక్కితే అణిగిపోతుంది తప్ప ఒత్తిడి నిలవదు. క్లచ్ ఆలస్యంగా బిగుస్తుంది, బిగిసేలోపు ప్లేట్లు జారుతాయి, ఇంజిన్ ఉత్తినే అరుస్తుంది. నేను విన్న అరుపు అదే.

ఆ మధ్యాహ్నమే గేర్‌బాక్సు అడుగున ఆయిల్ నిలిచే పళ్ళెం విప్పారు. ప్రతి ఆటోమేటిక్ యజమానీ ఒక్కసారైనా దగ్గరుండి చూడవలసిన దృశ్యమిది. పళ్ళెం అడుగున ఒక అయస్కాంతం ఉంటుంది, లోపల అరిగిన ఇనుప పొడిని పట్టి ఉంచడానికి. దాని మీద బూడిదరంగు ముద్ద పేరుకుని ఉంది. ఆయన వేలితో తీసి నా వేలికి రాశారు. కాటుకలా మెత్తగా అంటుకుంది, రెండు వేళ్ళ మధ్య నలిపినా గరుకు తగలలేదు. “ఇది న్యాయమైన అరుగుదల” అన్నారు. నల్లటి పొరలు పొరలుగా కనిపిస్తే క్లచ్ లైనింగు ఊడుతోందని, ఇత్తడి మెరుపు కనిపిస్తే బుష్‌లో వాషర్లో అరుగుతున్నాయని, తెల్లటి అల్యూమినియం నలుసులు కనిపిస్తే కేసింగో వాల్వుల రంధ్రాలో తినేస్తున్నాయని చెప్పారు. మా పళ్ళెంలో ఇవేవీ లేవు. పది నిమిషాల్లో చనిపోయిందని తేల్చిన బాక్సు లోపల బతికే ఉంది.

పళ్ళెం దించితే ఆయిల్ అంతా రాదు. చాలావరకు కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది, ఒక్కోసారికి మారేది నలభై శాతం లెక్కన పెట్టుకోవచ్చు. అందుకని ఫిల్టరు, గాస్కెట్ మార్చి కొత్త ఆయిల్ పోసి, కొన్ని వందల కిలోమీటర్లు తిప్పి, మళ్ళీ దించి, అలా మూడుసార్లు చేశాం. మూడోసారికి లోపల మిగిలే పాత ఆయిల్ ఇరవై శాతం చిల్లర. గొట్టం బిగింపు మార్చాం. రెండు నుంచి మూడుకు మారేటప్పటి అరుపు పూర్తిగా పోయింది. పొద్దున్నే డ్రైవ్‌లో పడటానికి పట్టే సమయం మాత్రం ఒకటిన్నర సెకను దగ్గర ఆగింది, అంతకంటే తగ్గలేదు. క్లచ్ పిస్టన్ల రబ్బరు సీళ్ళు ఏళ్ళ వేడికి గట్టిపడి, చల్లగా ఉన్నప్పుడు కాస్త ఒత్తిడి వదిలేస్తున్నాయి. వేడెక్కి మెత్తబడ్డాక బాగానే మూసుకుంటున్నాయి. ఇది నిజంగా వయసు తెచ్చిన లోపమే, దాన్ని ఒప్పుకుంటాను. కానీ ఒకటిన్నర సెకను ఆగలేక బాక్సు మార్చేవాళ్ళుంటారా?

చల్లగా ఉన్నప్పుడు సతాయించి వేడెక్కాక సర్దుకుంటే ఎక్కువగా సీళ్ళ వైపు చూడాలి. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక జారితే అది ప్రమాదం. పలచబడిన ఆయిల్ అరిగిన సందుల్లోంచి కారిపోతూ ఒత్తిడి నిలవడం లేదని దాని అర్థం. ఏది ఎప్పుడు జరుగుతోందో గమనించి చెప్పగల యజమాని సగం పరీక్ష తానే చేసినట్టు.

ఇక ఆటోమేటిక్‌లు పుట్టుకతోనే బలహీనమైనవన్న మాట. దీనికి చరిత్రలో ఆధారం లేదు. భారీగా తయారైన తొలి పూర్తి ఆటోమేటిక్ జనరల్ మోటార్స్ వారి హైడ్రామాటిక్. 1939లో ప్రకటించి, 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో పెట్టారు. ఆ తర్వాత రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. ఎం5 స్టూవర్ట్ యుద్ధట్యాంకులో రెండు క్యాడిలాక్ ఇంజిన్లకు రెండు హైడ్రామాటిక్‌లు బిగించి రణరంగానికి పంపారు. నాజూకు యంత్రాన్ని ఎవరూ ట్యాంకులో పెట్టరు. 1956లో క్రైస్లర్ టార్క్‌ఫ్లైట్, 1964లో టర్బో హైడ్రామాటిక్ 400 వచ్చాయి. ఈ రెండోదాని దృఢత్వం ఎలాంటిదంటే రోల్స్ రాయిస్, జాగ్వార్, ఫెరారీ కూడా తమ కొన్ని కార్లకు దానినే కొని బిగించుకున్నాయి. ఈ పాత మూడు గేర్ల బాక్సుల్లో చాలావాటికి ఆధారం హొవార్డ్ సింప్సన్ అనే అమెరికన్ ఇంజినీరు రూపొందించిన పళ్ళచక్రాల అమరిక. నడిమి సూర్యచక్రం చుట్టూ చిన్న గ్రహచక్రాలు తిరిగే జతలు రెండు, వాటికి ఉమ్మడిగా ఒకే సూర్యచక్రం. పళ్ళు ఎప్పుడూ ఒకదానితో ఒకటి కలిసే తిరుగుతాయి, తొలినాటి మాన్యువల్‌లలోలా రాసుకుంటూ చొరబడే పని లేదు. అందుకే ఆటోమేటిక్‌లో పళ్ళు విరగడం అరుదు. అరిగేవి క్లచ్ ప్లేట్ల మీది కాగితం లాంటి లైనింగు, రబ్బరు సీళ్ళు, వాల్వులు కదిలే అల్యూమినియం రంధ్రాలు. ఈ మూడింటి ఆయుష్షునూ నిర్ణయించేవి ఆయిల్ శుభ్రత, వేడి.

వేడి సంగతి ఒక్క మాట. మెకానిక్‌లు తరతరాలుగా వాడే లెక్క ఒకటుంది. ఆయిల్ 80 డిగ్రీల సెల్సియస్ దగ్గర హాయిగా ఉంటుంది, ఆపైన ప్రతి 11 డిగ్రీలకు దాని ఆయుష్షు సగానికి తగ్గుతుంది. ఈ లెక్కన 80 దగ్గర 1,00,000 కిలోమీటర్లు నిలవగల ఆయిల్ 113 దగ్గర 12,500కే చేతులెత్తేస్తుంది. ఇది ఉజ్జాయింపు లెక్కే కానీ దిశ తప్పు కాదు. ఘాట్ రోడ్డు మీద బరువుతో, గంటల తరబడి ట్రాఫిక్‌లో, వెనక ట్రైలర్ తగిలించుకుని నడిచే కారుకు, ఖాళీ హైవే మీద నడిచే కారుకు ఒకే ఆయిల్ గడువు రాసిన పుస్తకాన్ని నేను నమ్మను.

ఆ పుస్తకాల్లోకి 1990లలో ఒక మాట మెల్లగా చేరింది. ‘జీవితకాలపు ఆయిల్.’ మార్చనక్కర్లేదు, చూడనక్కర్లేదు. ఆ మాటతో పాటే డిప్‌స్టిక్ మాయమైంది. ఆ దశాబ్దం మధ్యలో వచ్చిన మెర్సిడెస్ 722.6 అయిదు గేర్ల బాక్సుకు డిప్‌స్టిక్ గొట్టం ఉంటుంది, అందులో పుల్ల ఉండదు. పైన మూత వేసి, వర్క్‌షాపు వాళ్ళు మాత్రమే తెరవాలని రాసి పెట్టారు. మరికొన్ని కార్లలో గొట్టం కూడా లేదు. ఆయిల్ మట్టం చూడాలంటే కారును లిఫ్టు మీదికి ఎక్కించి, ఆయిల్ ఉష్ణోగ్రత కొలిచి, పక్కన ఉన్న బోల్టు విప్పి, కారడం మొదలైందా లేదా అని చూడాలి. ఇంట్లో రెండు నిమిషాల్లో అయ్యే పని ఒక అపాయింట్‌మెంటుగా మారిపోయింది. జర్మనీకి చెందిన జెడ్‌ఎఫ్ కంపెనీ ఎన్నో కార్లకు ఆటోమేటిక్‌లు తయారుచేసి ఇస్తుంది. అవి బిగించిన కొన్ని కార్ల పుస్తకాల్లో జీవితకాలపు ఆయిల్ అని ఉంటే, బాక్సు తయారుచేసిన జెడ్‌ఎఫ్ మాత్రం నడిపే తీరును బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్ళకు, ఆయిల్ మార్చమని సిఫారసు చేస్తుంది. బాక్సును కన్నవాళ్ళ మాట వినాలా, కారు అమ్మినవాళ్ళ మాట వినాలా? జీవితకాలం అంటే ఎవరి జీవితకాలమో ఆ పుస్తకాల్లో ఎక్కడా రాసి ఉండదు. మొదటి యజమాని కారు అమ్మేసేదాకా అయితే ఆ మాట నిజమే. మూడో యజమాని సంగతి ఆలోచించి ఆ మాట రాయలేదు.

ఈ విషయంలో నేను రాజీ పడను. ఆయిల్ చూసుకునే వీలు లేకుండా గేర్‌బాక్సు అమ్మడం వినియోగదారుడికి చేసిన అన్యాయం.

ఏ ఆయిల్ పోయాలన్నదీ చిన్న సంగతి కాదు. ఒకప్పుడు ఆటోమేటిక్ ఆయిల్‌లో స్పెర్మ్ తిమింగలాల నూనె కలిపేవారు. క్లచ్ ప్లేట్లు కుదుపు లేకుండా పట్టుకోవడానికి అది అంత బాగా పనిచేసేది. 1970ల మొదట్లో అమెరికా ఆ తిమింగలాలకు చట్ట రక్షణ కల్పించాక, దానికి సమానమైన రసాయనాలను కనిపెట్టుకోవలసి వచ్చింది. తిమింగలాల వేట ఆగడం మంచిదే. నేను చెబుతున్నది ఆ పట్టు ఎంత సున్నితమైనదో. 1989లో క్రైస్లర్ తెచ్చిన ఏ604 అనే ఎలక్ట్రానిక్ బాక్సుకు వాళ్ళ సొంత ఆయిలే సరిపడేది. బజారులో దొరికే మామూలు డెక్స్రాన్ రకం ఆయిల్ పోస్తే కన్వర్టర్ క్లచ్ వణికేది. ‘అన్ని కార్లకూ పనికొస్తుంది’ అని రాసిన సీసాను నేను నా కారులో పోయను, మీరూ పోయకండి. మీ బాక్సు పేరు తెలుసుకుని దానికి చెప్పిన రకమే వెతకండి.

ఆ వణుకు గురించి ఇక్కడే చెప్పాలి, దాని మూలంగా మంచి బాక్సులు చాలా విప్పేస్తారు. కారు అరవై, ఎనభై కిలోమీటర్ల వేగం మధ్య, యాక్సిలరేటర్ మీద పాదం తేలిగ్గా ఉన్నప్పుడు, రోడ్డు మీద చిన్న చిన్న గీతల మీదుగా పోతున్నట్టు ఒక రెండు సెకన్లు సన్నగా వణుకుతుంది. కొందరు ఇంజిన్ మిస్ అవుతోందని ప్లగ్గులు మారుస్తారు, కొందరు బాక్సు పోయిందంటారు. కన్వర్టర్ లోపల లాకప్ క్లచ్ ఉంటుంది, హైవే వేగంలో ఆయిల్ జారుడు లేకుండా ఇంజిన్‌ను నేరుగా కలపడానికి. ఆయిల్‌లో ఆ పట్టును మృదువుగా ఉంచే రసాయనం అయిపోతే అది పట్టీ పట్టకా వణుకుతుంది. వణుకు మొదలవగానే ఎడమ పాదంతో బ్రేకు పెడల్‌ను కేవలం లైటు వెలిగేంత తాకి చూడండి, యాక్సిలరేటర్ వదలకుండా. చాలా కార్లలో బ్రేకు స్విచ్ లాకప్‌ను వదిలేస్తుంది. వణుకు ఠక్కున ఆగితే దోషం లాకప్‌దే. సరైన కొత్త ఆయిల్‌తోనే అది పోయిన కార్లు చాలా ఉన్నాయి.

గేర్‌బాక్సు మీదికి వచ్చే నిందల్లో దానివి కానివి కూడా తక్కువేమీ కాదు. రివర్స్‌లో పెట్టగానే ధబీమని చప్పుడు వస్తే ముందు ఇంజిన్ మౌంటింగులు చూడాలి. రబ్బరు చిరిగిన మౌంటింగు మీద ఇంజిన్ మొత్తం ఎగిరి పడుతుంది. ఇంజిన్ మిస్ అవుతున్నా, థ్రాటిల్ సెన్సర్ తప్పు చెబుతున్నా, గేరు మార్చే కంప్యూటర్ తప్పు సమయంలో తప్పు ఒత్తిడి పంపుతుంది. బ్యాటరీ బలహీనమై ఎర్త్ తీగ తుప్పు పట్టినా, కరెంటుతో ఆయిల్ దారులు తెరిచి మూసే సోలినాయిడ్లు తడబడతాయి. బాక్సు హఠాత్తుగా ఒకే గేరులో ఉండిపోయి కదలనంటే, అది చాలాసార్లు తనను తాను కాపాడుకునే పద్ధతి. ఏదో సంకేతం అందక, ఇంటికి చేరేందుకు మాత్రం ఒక గేరు ఇచ్చి మిగతావి మూసేస్తుంది. ఇందాక చెప్పిన మెర్సిడెస్ బాక్సులోనే వైర్లు లోపలికి వెళ్ళే ప్లాస్టిక్ కనెక్టర్ సీలు పాడైతే, ఆయిల్ తీగల కట్ట లోపలి సందుల్లో దీపపు వత్తిలోకి నూనె ఎక్కినట్టు పాకుతూ ఎక్కడో దూరాన ఉన్న కంప్యూటర్ దాకా చేరుతుంది. చేతిలో ఇమిడే ఆ ముక్క కోసం బాక్సులు మార్పించినవాళ్ళున్నారు. ఇంకా పాత కార్లలో, ఇంజిన్ వాక్యూమ్‌తో పనిచేసే మాడ్యులేటర్ అనే చిన్న డబ్బా ఉంటుంది. అందులోని పల్చటి పొర చిరిగితే ఇంజిన్ గేర్‌బాక్సు ఆయిల్‌ను పీల్చి కాల్చేస్తుంది. ఆయిల్ తగ్గుతూ ఉంటుంది, కింద చుక్క ఉండదు, వెనక తెల్లటి పొగ వస్తుంది. ఇంజిన్ బోరు పోయిందని ఇంజినే విప్పేస్తారు!

అన్ని బాక్సులూ బతికించదగినవేనని నేను అనను. నా మిత్రుడి కారు పళ్ళెం విప్పినప్పుడు పక్కనే ఉన్నాను. ఎర్రటి ఆయిల్ రావలసిన చోట చిక్కటి గులాబీరంగు నురగ వచ్చింది. ఎవరూ కాసేపు మాట్లాడలేదు. చాలా కార్లలో గేర్‌బాక్సు ఆయిల్ చల్లబడేది రేడియేటర్ అడుగునో పక్కనో ఉండే చిన్న అరలో. ఆ అర గోడ లోపల తుప్పుపట్టి చిల్లు పడితే కూలెంట్, ఆయిల్ కలిసిపోతాయి. 2005 నుంచి కొన్నేళ్ళపాటు వచ్చిన నిస్సాన్ పాత్‌ఫైండర్ లాంటి వాహనాల్లో ఈ లోపం బాగా పేరుమోసింది. క్లచ్ ప్లేట్ల లైనింగును ఇనుప రేకుకు అంటించిన జిగురు నీటికి, కూలెంట్‌కు ఆగదు, లైనింగు రేకులు రేకులుగా ఊడిపోతుంది. మిత్రుడి ప్లేట్లు సరిగ్గా అలాగే ఉన్నాయి. గోటితో గీరితే తడిసిన అట్టలా లేచి వచ్చింది. ఆ బాక్సు మంచి బాక్సు, అంతకు ముందు నెల దాకా వెన్నలా గేర్లు మార్చింది. దాన్ని చంపింది వయసు మీరిన రేడియేటర్. పాత ఆటోమేటిక్ కొన్నవాళ్ళు ముందు రేడియేటర్ మార్చండని, వీలైతే ఆయిల్‌కు విడిగా ఒక కూలర్ పెట్టించుకోండని అప్పటి నుంచి కనిపించిన ప్రతి ఒక్కరికీ చెబుతున్నాను.

‘పాత బాక్సులో కొత్త ఆయిల్ పోస్తే పోతుంది, ముట్టుకోవద్దు’ అని ఒక గట్టి నమ్మకం ఉంది. ఈ నమ్మకం ఎలా పుట్టిందో నాకు అర్థమవుతుంది. చాలామంది ఆయిల్ మార్చేది బాక్సు అప్పటికే జారుతున్నప్పుడు. లైనింగు ఊడిపోయిన ప్లేట్లను ఏ ఆయిలూ కాపాడలేదు. రెండు వారాల్లో బాక్సు ఆగిపోతుంది, నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. అరిగిన ప్లేట్లు పాత ఆయిల్‌లో తేలే లైనింగు పొడి పట్టుతో ఇంకొంతకాలం నెట్టుకొస్తాయన్న వాదనలో కొంత నిజం ఉండొచ్చు. కానీ అలా నెట్టుకొచ్చే బాక్సు ఎలాగూ చివరి దశలో ఉన్నదే. పళ్ళెం విప్పండి. అయస్కాంతం మీద మెత్తటి ముద్ద మాత్రమే ఉండి, గేర్లు జారకుండా పడుతుంటే నిర్భయంగా మార్చండి. యంత్రం పెట్టి ఒత్తిడితో కడిగించడం మాత్రం నేను ఒప్పుకోను. ఏళ్ళుగా మూలల్లో పేరుకున్న మురికిని కదిపి, వెంట్రుకంత సందులున్న వాల్వ్ బాడీలోకి తోయడం ఎందుకు? దించి పోయడం నెమ్మదైన పద్ధతి, అదే మంచిది.

నిజంగానే విప్పి బాగుచేయించవలసి వస్తే ఒకటే అడగండి: ఎందుకు పోయింది? ప్లేట్లు కాలిపోయాయి అన్నది జవాబు కాదు. ప్లేట్లు ఎందుకు కాలాయి? ఒత్తిడి తగ్గింది. ఒత్తిడి ఎందుకు తగ్గింది? వాల్వు రంధ్రం అరిగిందా, సీలు తెగిందా, పంపు నలిగిందా, లేక పాత కార్లలో యాక్సిలరేటర్‌ను బట్టి ఆయిల్ ఒత్తిడిని సర్దే థ్రాటిల్ వాల్వ్ కేబుల్ రెండు పిసర్లు వదులైందా? 1982లో వచ్చిన జనరల్ మోటార్స్ 700ఆర్4 లాంటి బాక్సుల్లో ఆ కేబుల్ సరిగా సర్దకపోతే కొత్తగా కట్టిన బాక్సు కూడా త్వరగా కాలిపోతుంది. కారణం వెతకకుండా కొత్త ప్లేట్లు వేసిన బాక్సు మళ్ళీ అదే చోట ఆగుతుంది. పాత నలుసులు నిండిన కూలర్‌ను, కన్వర్టర్‌ను అలాగే వదిలేసి కొత్త బాక్సు తగిలిస్తే, మొదటి రోజే ఆ చెత్త అంతా దాని కడుపులోకి పోతుంది. రెండోసారి పోయినప్పుడు ‘చెప్పాను కదా, ఆటోమేటిక్‌లు ఇంతే’ అంటారు.

నడిపేవాళ్ళ చేతిలో ఉన్నవి రెండే రెండు నాకు ముఖ్యం. కారు పూర్తిగా ఆగకముందు రివర్స్ నుంచి డ్రైవ్‌కు లాగొద్దు. వాలులో ఆపినప్పుడు ముందు హ్యాండ్‌బ్రేక్ వేసి, తర్వాతే పార్క్‌లో పెట్టండి. లేకపోతే కారు బరువంతా లోపల ఉన్న ఒక చిన్న కొక్కెం మీద వేలాడుతుంది.

ఆ పెద్దాయన మొదటి రోజు చుక్క వేసిన తెల్లకాగితాన్ని నేను పారేయలేదు. వెనక తేదీ, కిలోమీటర్లు రాసి కారు పుస్తకంలో పెట్టుకున్నాను. అప్పటి నుంచి ఆరు నెలలకొకటి చేరుస్తున్నాను. మూడుసార్లు ఆయిల్ మార్చాక వేసిన చుక్క గాజులా తేటైన ఎరుపు. ఆ తర్వాతివి ఒక్కో కాగితానికి ఒక్కో వన్నె తగ్గుతూ వచ్చాయి. నిన్న సాయంత్రం వేసినదాని మధ్యలో గోధుమరంగు మచ్చ మళ్ళీ కనిపించింది, చిన్నదే, మినపగింజంత. వాసన లేదు, మట్టం రెండు గీతల మధ్యే ఉంది. ఫిల్టరు, గాస్కెట్, నాలుగు లీటర్ల ఆయిల్ తెచ్చి పెట్టాను. ఆదివారం పొద్దున్నే పళ్ళెం దించుతాం.